బయటి గ్రాంటుతో నడిచే ప్రాజెక్టులు: బడి ఫలితాలు నిజంగా పెరుగుతాయా?

ప్రశ్నార్థకం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను పనిచేస్తున్న బడికి ఒక ధార్మిక సంస్థ మూడేళ్ల ప్రాజెక్టు ఇస్తానంటోంది. డిజిటల్ తరగతి గది, లైబ్రరీ, టీచర్లకు శిక్షణ, వెనకబడిన పిల్లలకు అదనపు తరగతులు, నోటు పుస్తకాలు అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. ప్రతిపాదన రాసే పని నా నెత్తిన పడింది. అందులో ఒక గడి ఉంది: "ప్రాజెక్టు ముగిసేసరికి విద్యార్థుల ఫలితాల్లో ఎంత శాతం పెరుగుదల ఆశిస్తున్నారు?" మా హెచ్.ఎం. గారు "ఇరవై అని వేసెయ్, అందరూ అదే వేస్తారు" అన్నారు. వేయడానికి చేయి రాలేదు.

నాకు కావలసింది ఇది: బయటి నిధులతో నడిచిన ప్రాజెక్టుల వల్ల పిల్లల చదువు నిజంగా మెరుగుపడిందని ఎక్కడైనా తేలిందా? తేలితే, ఏ రకం ఖర్చుతో? అనుభవం ఉన్నవాళ్లు, లెక్కలు చదివినవాళ్లు ఇద్దరూ చెప్పండి.

గోడమీదిపిల్లి

ఇరవై వేయండి మాస్టారూ. మూడేళ్లకి ఆ గడి నింపినవాళ్లు బదిలీ అయిపోతారు, చదివినవాళ్లు ఉద్యోగం మారిపోతారు.

నల్లబల్ల

నా సర్వీసంతా బళ్లలోనే గడిచింది, చివరికి హెచ్.ఎం.గా దిగిపోయాను. ప్రాజెక్టులు చాలానే వచ్చాయి, పోయాయి. మొదటి ఏడాది సామాను దిగుతుంది, రెండో ఏడాది నివేదికలు, మూడో ఏడాది ఫొటోలు. ఈ మాట అందరూ అనేదే, వదిలేయండి. ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి ఉంది.

ఏ ప్రాజెక్టు వచ్చినా బడి ముందు పోగొట్టుకునేది బాగా పాఠం చెప్పే మనిషినే. కంప్యూటరు తెలుసు, నివేదిక చక్కగా రాస్తాడు, నలుగురితో మాట్లాడగలడు కాబట్టి అతన్నే కోఆర్డినేటర్ని చేస్తారు. ఇక అతని గంటలు శిక్షణలకీ, సమీక్షా సమావేశాలకీ, యూసీలకీ (ఇచ్చిన డబ్బు ఖర్చయిందని రాసిచ్చే ధ్రువపత్రాలు), బిల్లుల వేటకీ పోతాయి. అతని తరగతిని పక్క తరగతితో కలిపి కూర్చోబెడతారు. బడికి కొత్తగా వచ్చింది గ్రాంటు, పోయింది ఒక టీచరు. ఈ రెండో పద్దు ఏ ఆడిట్‌లోనూ కనిపించదు.

కాబట్టి ప్రశ్నార్థకం గారూ, ముందు అద్దంలో చూసుకోండి. ప్రతిపాదన రాస్తున్నది మీరే కదా!

లెక్కలమాస్టారు

మీరు అడిగినదానికి సూటిగా పనికొచ్చే అధ్యయనాలు రెండు చెబుతాను. ఊరికే ముందు, తర్వాత మార్కులు చూసి తేల్చినవి కావు. లాటరీ తీసి కొన్ని బళ్లకు గ్రాంటు ఇచ్చి, మిగిలినవాటితో పోల్చినవి.

మొదటిది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో జరిగింది, 2013లో అచ్చయింది. జిష్ణు దాస్, కార్తీక్ మురళీధరన్ వగైరా ఆరుగురు రాశారు. బళ్లకు నేరుగా పిల్లలకు ఉపయోగపడే సామగ్రి కోసం గ్రాంటు ఇచ్చారు, ఎక్కువ భాగం నోటు పుస్తకాలు, రాత సామగ్రి మీద ఖర్చయింది. మొదటి ఏడాది మార్కులు చిన్నగానైనా స్పష్టంగా పెరిగాయి. రెండో ఏడాది అదే గ్రాంటు, అవే బళ్లు, కానీ ఆ ప్రభావం లేదు. ఎందుకు? మొదటి ఏడాది గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు తెలియదు, వాళ్లు కొనాల్సినవి కొనేశారు, దానికి తోడు బడి ఇచ్చింది. రెండో ఏడాది ముందే తెలుసు కాబట్టి పిల్లల చదువు మీద ఇంటి ఖర్చు తగ్గించుకున్నారు. బడి పెట్టింది, ఇల్లు తీసింది. పిల్లవాడి చేతికి చేరినది దాదాపు అంతే. జాంబియాలోనూ ఇదే పోకడ కనిపించిందని అదే వ్యాసంలో ఉంది.

రెండోది టాంజానియా, 350 బళ్లు, రెండేళ్లు, 2019లో అచ్చయింది. కొన్ని బళ్లకు గ్రాంటు మాత్రమే, కొన్నింటికి పిల్లలు నేర్చుకున్నదాన్ని బట్టి టీచర్లకు ప్రోత్సాహకం మాత్రమే, కొన్నింటికి రెండూ. గ్రాంటు ఒక్కటే ఇచ్చినచోట మార్కుల్లో మార్పు లేదు. ప్రోత్సాహకం ఒక్కటే ఇచ్చినచోట ఫలితం అటూ ఇటూగా ఉంది. రెండూ కలిసినచోట స్పష్టంగా పెరిగాయి, అదీ రెండింటి మొత్తం కంటే ఎక్కువ.

ఇద్దరుపిల్లలతల్లి

లెక్కలమాస్టారు గారూ, ఇంటి ఖర్చు తగ్గించుకున్నారని మీరు రాసిన తీరు చూస్తే తల్లిదండ్రులేదో తప్పు చేసినట్టుంది. బడి నోటు పుస్తకాలు ఇస్తుందంటే నేనెందుకు కొంటాను? ఆ డబ్బు ఇంకో అవసరానికి వాడతాను. పెద్దవాడి ఫీజు, చిన్నదాని కళ్లజోడు, ఏదైనా కావచ్చు. పిల్లల మార్కులు పెరగలేదు కాబట్టి గ్రాంటు వృథా అంటే నేను ఒప్పుకోను.

లెక్కలమాస్టారు

తప్పని నేను అనలేదండి, ఆ వ్యాసం రాసినవాళ్లూ అనలేదు. వాళ్ల వాదన కూడా మీరు చెప్పిందే: కుటుంబం తెలివిగానే ప్రవర్తించింది, ఆ మేరకు ఇంటికి లాభం జరిగింది. కాకపోతే ఆ లాభం పరీక్ష మార్కుల్లో కనిపించదు. బడికి గ్రాంటు ఇచ్చేవాళ్లు అడిగేది మార్కులు. అక్కడే పేచీ. ఇంటివాళ్లు ఎలాగూ కొనే వస్తువును బడి కొనిపెడితే చదువులో తేడా రాదు. ఇంటివాళ్లు కొనలేనిది, కొనడానికి వీల్లేనిది బడి ఇస్తే తేడా రావచ్చు. నోటు పుస్తకం మొదటి కోవలోది. అర్థమయ్యేలా మళ్లీ చెప్పే మనిషి రెండో కోవలోది.

గోడమీదిపిల్లి

మా దగ్గర స్మార్ట్ బోర్డు మీద పరీక్షల టైమ్‌టేబుల్ అంటించారు. అందరికీ చక్కగా కనిపిస్తోంది. ప్రాజెక్టు సఫలం.

ఫైలుపురుగు

ఒకప్పుడు నేను బల్లకు అటువైపు కూర్చున్నాను. అంటే బళ్ల నుంచి వచ్చే ప్రతిపాదనలు చదివి, మార్కులు వేసి, డబ్బు విడుదల చేసే పని. అక్కడి నుంచి లోకం ఎలా కనిపిస్తుందో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

డబ్బు ఇచ్చేవాళ్లకు రెండు భయాలు. ఒకటి, డబ్బు తినేస్తారని. రెండు, సంవత్సరం ముగిసేలోపు ఖర్చు కాదని. బయటివాళ్లకు నమ్మబుద్ధి కాదు గానీ రెండో భయం మొదటిదానికంటే పెద్దది. ఖర్చు కాకపోతే వచ్చే ఏడాది కేటాయింపు తగ్గుతుంది. అందుకే వస్తువులంటే ఇష్టం. వస్తువుకు బిల్లుంటుంది, ఫొటో ఉంటుంది, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, పైన పేరు రాయొచ్చు. చదవలేని పిల్లవాడి పక్కన రోజూ కూర్చున్న మనిషి ఏ రిజిస్టర్‌లో ఎక్కుతాడు? జీతం అనే పద్దు చూడగానే పై అధికారి "మూడేళ్ల తర్వాత ఎవరిస్తారు?" అని ఎర్ర సిరాతో రాస్తాడు. అది న్యాయమైన ప్రశ్నే, కాదనను. కానీ ప్రొజెక్టర్ పాడైతే మూడేళ్ల తర్వాత బాగు చేయించేదెవరని మాత్రం ఎవరూ రాయరు.

మొదటి భయం ఉత్తుత్తిది కాదు. ఉగాండాలో 1991–95 మధ్య ప్రభుత్వం బళ్లకు పంపిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడి దాకా చేరిందని రీనిక్కా, స్వెన్‌సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. తర్వాత ఏ జిల్లాకు ఎంత పంపారో పత్రికల్లో వేయడం మొదలుపెట్టాక చేరే వాటా బాగా పెరిగింది. కాబట్టి గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి వాడారు అన్నది బడి గోడ మీద రాయించండి. ఇది మాత్రం ఖర్చు లేని పని.

ఇక డబ్బు పూర్తిగా చేరినా ఫలితం రాని ఉదాహరణ అమెరికాది. 2009 ఆర్థిక ఉద్దీపన చట్టంలో అట్టడుగున ఉన్న బళ్ల కోసం ఏకంగా 300 కోట్ల డాలర్లు పెట్టారు. స్కూల్ ఇంప్రూవ్‌మెంట్ గ్రాంట్స్ అని పేరు. ఒక్కో బడికి ఏడాదికి 20 లక్షల డాలర్ల వరకు, మూడేళ్లు. షరతులు కూడా గట్టివే: ప్రిన్సిపల్‌ని మార్చడం, సిబ్బందిలో సగం మందిని మార్చడం, బడి మూసేయడం, ఇలాంటి నాలుగు నమూనాల్లో ఒకటి ఎంచుకోవాలి. 2017లో వాళ్ల విద్యాశాఖ పరిశోధన విభాగమే ప్రకటించిన మూల్యాంకనంలో లెక్కల మార్కుల్లో గానీ, చదవడంలో గానీ, హైస్కూలు పూర్తిచేయడంలో గానీ, కాలేజీలో చేరడంలో గానీ చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. అయితే కాలిఫోర్నియా బళ్లను విడిగా చూసిన మరో అధ్యయనం, 2012లో వచ్చింది, అక్కడ మెరుగుదల ఉందని చెప్పింది. ఒకే పథకం, ఒకే డబ్బు, చోటును బట్టి ఫలితం మారింది.

చాక్‌పొడి

ఆగండాగండి. అందరూ కలిసి "డబ్బు దండగ" అనే చోటికి నెట్టుకెళ్తున్నారు. ఈ వాదన వినీ వినీ విసుగొచ్చింది. బడికి డబ్బు ఇవ్వని వాళ్లకు ఇంతకంటే తియ్యటి కబురు ఉండదు.

జాక్సన్, జాన్సన్, పెర్సికో 2016లో రాసినది కూడా చదవండి. అమెరికాలో కోర్టు తీర్పుల వల్ల కొన్ని జిల్లాల బళ్లకు నిధులు పెరిగాయి. ఆ పిల్లలు పెద్దయ్యేదాకా ఆగి చూశారు. పన్నెండేళ్ల చదువంతా ఒక్కో విద్యార్థి మీద ఖర్చు 10 శాతం ఎక్కువ ఉంటే, పెద్దయ్యాక వాళ్ల సంపాదన దాదాపు 7 శాతం ఎక్కువ. పేద కుటుంబాల పిల్లల్లో ఈ ప్రభావం ఇంకా గట్టిగా ఉంది. పేదరికంలో పడేవాళ్ల సంఖ్యా తగ్గింది. దీన్ని ఏమంటారు?

ఇంకో మాట. మరుగుదొడ్డి కట్టినా, కారే పైకప్పు బాగుచేసినా మార్కులు పెరిగాయా అని అడగడం నాకు నచ్చదు. పిల్లలు రోజులో సగం అక్కడే ఉంటారు. వానలో తడవకుండా కూర్చోవడం వాళ్ల హక్కు, అది ఏ పరీక్షలో ఎంత తెచ్చిందో చూపించక్కర్లేదు.

ఫైలుపురుగు

> దీన్ని ఏమంటారు?

నిజమంటాను. కానీ అది గ్రాంటు ప్రాజెక్టు కాదు చాక్‌పొడి గారూ. ఏటా తప్పకుండా వచ్చే, పన్నెండేళ్లు ఆగని డబ్బు. ఆ డబ్బుతో టీచర్ల జీతాలు పెరిగాయి, తరగతిలో పిల్లల సంఖ్య తగ్గింది, బడి రోజులు పెరిగాయి. మూడేళ్ల తర్వాత ఆగిపోతుందని ముందే తెలిసిన డబ్బుతో ఏ బడీ ఈ పనులు చేయదు. చేయగలిగినవే చేస్తుంది: కొనుగోళ్లు, శిక్షణలు, వేడుకలు. మూడేళ్ల ఇసుకగడియారాన్ని తలకిందులుగా పెట్టి, పుట్టిన బిడ్డ డిగ్రీ తెచ్చుకోవాలన్నట్టుంటుంది వ్యవహారం.

పైకప్పు మాటకొస్తే మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పైకప్పుకు అడిగే డబ్బు పైకప్పు పేరుతోనే అడగాలి. దానికి "అభ్యసన సామర్థ్యాల పెంపు" అని పేరు పెట్టినప్పుడే చిక్కంతా. తర్వాత ఆ పేరుతోనే లెక్క చెప్పాల్సి వస్తుంది.

ఒకటి మరిచాను. బయటి గ్రాంటు వచ్చిందని తెలిస్తే పైవాళ్లు మామూలుగా ఇచ్చేది తగ్గించడం లోకమంతటా ఉంది. "వాళ్లకు ఎలాగూ ప్రాజెక్టు ఉందిగా, ఆ టీచరు పోస్టు వేరే బడికిద్దాం." అమెరికాలో పేద పిల్లల బళ్లకిచ్చే టైటిల్ వన్ నిధుల విషయంలో చట్టంలోనే ఒక నిబంధన ఉంది: ఈ డబ్బు ఉన్నదానికి తోడు కావాలి, ఉన్నదాని స్థానంలోకి రాకూడదు అని. చట్టంలో రాసుకోవాల్సి వచ్చిందంటే అలా జరుగుతుందనే కదా.

సాయంకాలంబడి

నేను అదనపు తరగతుల వైపు నుంచి మాట్లాడతాను, నాకు తెలిసింది అదొక్కటే.

ప్రథమ్ సంస్థ ముంబయి, వడోదర నగరాల్లో నడిపిన బాలసఖి కార్యక్రమం మీద బెనర్జీ, కోల్, డఫ్లో, లిండెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఉంది. చదవడం, కూడికలు రాని పిల్లల్ని రోజూ కొంతసేపు తరగతి నుంచి వేరుగా కూర్చోబెట్టి, స్థానికంగా ఉండే ఒక యువతితో మొదటి నుంచి చెప్పించారు. రెండో ఏడాది చివరికి మార్కులు 0.28 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. వందమందిలో సరిగ్గా నడుమనున్న పిల్లవాడు దాదాపు పదకొండుమందిని దాటి ముందుకెళ్లినట్టు. లాభమంతా ఎక్కువగా అట్టడుగు పిల్లలకే దక్కింది. బాలసఖికి ఇచ్చేది రెగ్యులర్ టీచరు జీతంలో చిన్న భాగం.

దాచకుండా రెండో సగం కూడా చెబుతాను. కార్యక్రమం నుంచి బయటికొచ్చిన ఏడాది తర్వాత చూస్తే ఆ లాభం సుమారు 0.1కి పడిపోయింది. అంటే సున్నా కాలేదు, అలాగని నిలవనూ లేదు. మా గుంపుల్లోనూ ఇదే చూశాను. చదవడం వచ్చిన పిల్లవాడు మళ్లీ తరగతిలోకి వెళ్తాడు. అక్కడ పాఠం అతని స్థాయికి రెండు మెట్లు పైన నడుస్తుంటుంది. వచ్చిన చదువు వాడటానికి చోటుండదు.

లైబ్రరీ గురించి ఒక ముక్క. కెన్యాలో ఒక స్వచ్ఛంద సంస్థ బళ్లకు పాఠ్యపుస్తకాలిచ్చింది. సగటు మార్కులు పెరగలేదు. అప్పటికే బాగా చదివే పైవరుస పిల్లలకు మాత్రం మేలైంది. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామందికి అది మూడో భాష. చదవలేని పిల్లవాడికి పుస్తకం ఇస్తే ఏమవుతుంది? లైబ్రరీ వద్దనడం లేదు. ఏ స్థాయి పుస్తకాలు, ఏ భాషలో, ఎవరు పక్కన కూర్చుంటారు అన్నవి ముందు తేల్చుకోండి. బీరువా తర్వాత కొనొచ్చు.

ప్రశ్నార్థకం

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం. మా బడినే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే "పోయినసారి పరీక్షల్లో మీరు చుట్టుపక్కల అన్నిటికంటే కింద ఉన్నారు" అన్నారు. నిజమే. కానీ ఆ ఏడు ఇద్దరు టీచర్లు సెలవులో ఉన్నారు, జ్వరాలు కూడా ఉన్నాయి. ఈసారి ప్రాజెక్టు లేకున్నా కాస్త పెరుగుతాం. ఇది ప్రతిపాదనలో రాయాలా?

లెక్కలమాస్టారు

తప్పకుండా రాయండి. మీరు తెలిసో తెలియకో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద గొయ్యి మీద వేలు పెట్టారు.

చిలీలో 1990లో పి-900 అనే కార్యక్రమం మొదలైంది. దేశంలో మార్కులు తక్కువున్న సుమారు 900 బళ్లను ఎంచి పుస్తకాలు, మరమ్మతులు, టీచర్లకు శిక్షణ, సాయంత్రం ట్యూషన్లు ఇచ్చారు. తర్వాత పరీక్ష పెడితే ఆ బళ్ల మార్కులు బ్రహ్మాండంగా పెరిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. చే, మెక్‌ఈవన్, ఉర్కియోలా అనే ముగ్గురు 2005లో ఆ లెక్కల్ని తిరగేశారు. ఎంపికకు వాడిన 1988 పరీక్షలో కొన్ని బళ్లు నిజంగా వెనకబడి కింద ఉన్నాయి. కొన్ని ఆ రోజు ఖర్మ కాలి కింద పడ్డాయి: జ్వరాలు, సెలవులు, ఆ ఏడు బ్యాచ్ బలహీనం. ఖర్మ కాలినవి మరుసటిసారి వాటంతటవే మామూలు స్థాయికొస్తాయి. ఆ భాగం తీసేస్తే 1988–90 మధ్య పెరుగుదలలో కార్యక్రమానికి దక్కేది దాదాపు ఏమీ మిగల్లేదు. 1988–92 మధ్య పెరుగుదలలో మాత్రం కొంత నిజమైన ప్రభావం మిగిలింది, 0.2 ప్రామాణిక విచలనం దాకా.

చిన్న బళ్లకు ఇది మరీ ఎక్కువ. తరగతిలో పదిహేను మంది ఉంటే ఇద్దరు ముగ్గురు పిల్లల వల్ల సగటు ఎటైనా ఊగుతుంది. అందుకే ఎవరైనా "మా ప్రాజెక్టు వల్ల ఒక్క ఏడాదిలో ఇరవై శాతం" అంటే నేను మొదట అడిగేది, ఎంపిక ఎలా చేశారని.

నల్లబల్ల

పరీక్ష రోజు ఎవరు హాజరయ్యారని కూడా అడగండి. బేస్‌లైన్ పరీక్షకు, అంటే ప్రాజెక్టు మొదట్లో పెట్టేదానికి, బడిలో ఉన్న ప్రతి పిల్లవాడినీ కూర్చోబెడతారు. చివరి పరీక్షకు మాత్రం నలుగురు అయిదుగురికి "రేపు రాకపోయినా పర్లేదురా" అని ముందురోజే చెప్పేస్తారు. ఎవరూ దొంగ మార్కులు వేయరు, సగటు దానంతటదే పెరుగుతుంది. ఇది నేను విన్నది కాదు, చూసింది. ఏ బడో చెప్పను.

కొలిచేదాని మీద డబ్బు ఆధారపడితే ఆ కొలతే చెడిపోతుందని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మానసిక శాస్త్రవేత్త 1970లలోనే హెచ్చరించాడు. బళ్లలో పరీక్షలనే ఉదాహరణగా చూపించాడు కూడా.

చాక్‌పొడి

> కొలతే చెడిపోతుంది

ప్రతిసారీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనే మురళీధరన్, సుందరరామన్ చేసిన, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చే ప్రయోగం చూడండి, 2011లో అచ్చయింది. రెండేళ్లకు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం మేర పెరిగింది. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లోనూ పెరిగాయి. బట్టీ కొట్టిస్తే అవెందుకు పెరుగుతాయి? పైగా అంతే డబ్బును సామగ్రిగానో అదనపు టీచరుగానో ఇచ్చిన బళ్ల కంటే ఇవే ముందున్నాయి.

నల్లబల్ల

ఆ ప్రయోగంలో పరీక్ష పెట్టింది, దిద్దింది బయటివాళ్లు. మన చర్చలో బడి తన పరీక్ష తానే పెట్టుకుని, తన మార్కులు తానే పంపుతుంది. తేడా అక్కడే ఉంది. మీ లెక్కలు కాదనడం లేదు.

ఫైలుపురుగు

పైన ఆ శాతం గడి సంగతి అడిగారు, దానికి జవాబు చెప్పకుండా ఏవేవో రాశాం. నేనైతే ఇలా నింపిస్తాను.

శాతం వద్దు. ఎవరి శాతమో, దేనిలో శాతమో తెలియని అంకె అది. దాని బదులు పిల్లల లెక్క రాయండి. "మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో ఇంతమంది పిల్లలు రెండో తరగతి కథ చదవలేరు. ప్రాజెక్టు ముగిసేసరికి వాళ్లలో ఇంతమంది చదువుతారు." ఈ కొలతకు అసర్ (ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూసే సర్వే) పద్ధతి ఉంది, 2005 నుంచి వాడుతున్నారు. అక్షరం, పదం, చిన్న పేరా, కథ. లెక్కల్లో అంకెల గుర్తింపు, తీసివేత, భాగహారం. ఒక్కో పిల్లవాడితో విడిగా కూర్చుని చూడాలి, కొద్ది నిమిషాల పని. గుంపుగా పరీక్ష రాయించడం కాదు కాబట్టి పక్కవాడిది చూసే బెడద లేదు. పేరు పేరునా జాబితా ఉంటే, చివర్లో నల్లబల్ల గారు చెప్పిన "రాకపోయినా పర్లేదురా" కూడా కుదరదు. రాని పిల్లవాడి గడి ఖాళీగా కనిపిస్తుంది.

కొలిచేది మాత్రం మీ టీచర్లు కాకుండా బయటివాళ్లయితే మేలు. పక్క బడివాళ్లతో ఇచ్చిపుచ్చుకోండి.

అటువైపు కూర్చున్న అనుభవంతో చెబుతున్నా, ఇరవై శాతం అని రాసిన ప్రతిపాదనలు వందల్లో చదివి కళ్లు మూతపడే వేళ ఇలాంటిది ఒకటి కనిపిస్తే లేచి కూర్చుంటాం.

లెక్కలమాస్టారు

దానికి తోడు, ఆ సంస్థ మీ ఒక్క బడికే ఇస్తోందా, చుట్టుపక్కల కొన్నింటికీ ఇస్తోందా? ఎక్కువ బళ్లయితే, అన్నిటికీ ఒకేసారి ఇచ్చేంత సిబ్బంది వాళ్లకు ఎలాగూ ఉండదు. ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం అనుకుని, ముందెవరికో చీటీలు తీయమనండి. ఆ ఒక్క ఏడాది చాలు, ప్రాజెక్టు వల్ల ఏం జరిగిందో, దానంతటది ఏం జరిగేదో తేలడానికి. ఎవరికీ అన్యాయం జరగదు.

ప్రశ్నార్థకం

ఆరు బళ్లకట. చీటీల మాట చెబితే ఫోన్లో నవ్వారు గానీ కాదనలేదు.

నిన్న వాళ్లతో మరో విషయం కూడా మాట్లాడాను. డిజిటల్ గది తగ్గించి ఆ డబ్బుతో అదనపు తరగతులకు ఇద్దరు సహాయకుల్ని పెట్టమన్నాను. ఫైలుపురుగు గారు రాసినట్టే అడిగారు: "మూడేళ్ల తర్వాత జీతం ఎవరిస్తారు?" నా దగ్గర జవాబు లేదు. పెరూలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన కార్యక్రమం వల్ల లెక్కల్లోనూ చదవడంలోనూ మార్పు రాలేదని చదివిన గుర్తు, అది చెబుదామనుకున్నాను, మాటల్లో పోయింది.

సాయంకాలంబడి

మీ గుర్తు నిజమే. 319 బళ్లలో చూశారు, 2012లో ఫలితాలు వచ్చాయి. లెక్కలు, భాషల్లో ప్రభావం లేదు. వాడటం మాత్రం పిల్లలు బాగానే వాడారు.

జీతం ప్రశ్నకు నిజాయితీ జవాబు ఒకటే ఉంది: ఎవరూ ఇవ్వరు. కాబట్టి మూడేళ్లలో పూర్తయ్యే పని అడగండి. మొదటి ఏడాది సహాయకులు పిల్లలకు చెబుతారు, టీచర్లు చూస్తారు. రెండో ఏడాది ఇద్దరూ కలిసి. మూడో ఏడాది టీచర్లు చెబుతారు, సహాయకులు పక్కన ఉంటారు. టైమ్‌టేబుల్‌లో ఆ గంట మొదటి రోజు నుంచే బడి గంటగా ఉండాలి, ప్రాజెక్టు గంటగా కాదు. సాయంత్రం బడి విడిచాక పెడితే ప్రాజెక్టుతోపాటే పోతుంది. నా పేరులో సాయంకాలం ఉన్నా సరే ఇదే చెబుతాను.

లెక్కలమాస్టారు

అప్పగింత అంత తేలిక కాదు, ఒక హెచ్చరిక. కెన్యాలో కాంట్రాక్టు టీచర్ల పథకాన్ని లాటరీ తీసి కొన్ని బళ్లలో వరల్డ్ విజన్ సంస్థతో, కొన్ని బళ్లలో ప్రభుత్వంతో నడిపించారు. పథకం ఒకటే. స్వచ్ఛంద సంస్థ నడిపినచోట మార్కులు పెరిగాయి, ప్రభుత్వం నడిపినచోట ఏమీ లేదు. జీతాలు ఆలస్యం కావడం, టీచర్ల సంఘాల వ్యతిరేకత లాంటివి కారణాలుగా చెప్పారు. బయటివాళ్లు ఉన్నంతకాలం నడిచింది కాబట్టి వాళ్లు వెళ్లాకా నడుస్తుందనుకోకండి. మూడో ఏడాది వాళ్ల మనుషులు బడిలో అడుగు పెట్టకుండా ఒక టర్మ్ నడిపి చూడమని ఒప్పందంలోనే రాయించండి. ఆగిపోతే అప్పుడే తెలుస్తుంది, డబ్బు ఇంకా చేతిలో ఉండగానే.

నల్లబల్ల

నాదో షరతు కూడా చేర్చండి: కోఆర్డినేటర్ సంస్థ మనిషి కావాలి, బడి టీచరు కాకూడదు. నివేదికలు టర్ముకొకటి, రెండు పేజీలకు మించకూడదు. ఒప్పుకోకపోతే ఆ గంటలకు బదులు టీచర్ని వాళ్లే పంపాలి. అడగండి, అడిగితే పోయేదేముంది. మా కాలంలో మేం అడగలేదు, ఇచ్చేవాళ్లను ప్రశ్నిస్తే పోతుందేమోనని.

గోడమీదిపిల్లి

డిజిటల్ గది తగ్గితే పేరు ఎక్కడ రాస్తారు పాపం? సహాయకుల చొక్కాల మీదా?

ఫైలుపురుగు

నవ్వులాట కాదండీ, అది నిజంగా ఆలోచించాలి. పేరు రాయడానికి చోటివ్వండి. లైబ్రరీ గది తలుపు మీద పెద్దక్షరాలతో రాయించండి. పేరు కనిపిస్తే బడ్జెట్‌లో మిగిలిన పద్దుల మీద పట్టు కాస్త సడలుతుంది. ఇది ఏ మార్గదర్శకాల్లోనూ ఉండదు.

ఇద్దరుపిల్లలతల్లి

నాదొక చిన్న కోరిక. నోటు పుస్తకాలు ఇస్తారా, ఇవ్వరా, ఎన్ని ఇస్తారు అన్నది బడి తెరవక ముందే తల్లిదండ్రులకు చెప్పించండి. మేం కొనేశాక ఇవ్వడం ఎన్నిసార్లు చూడలేదు!

లెక్కలమాస్టారు

మేడమ్, పైన రాసిన అధ్యయనం ప్రకారం చెప్పకుండా ఇచ్చిన ఏడాదే మార్కులు పెరిగాయి, చెప్పి ఇచ్చిన ఏడాది పెరగలేదు. ఏం చేద్దాం?

ఇద్దరుపిల్లలతల్లి

అంటే మా చేత రెండుసార్లు ఖర్చు పెట్టిస్తే మార్కులొస్తాయంటారు. వద్దండి, ముందే చెప్పండి.

ప్రశ్నార్థకం

ముందే చెప్పిస్తానండి. అసలు నోటు పుస్తకాల పద్దే తీసేసి సహాయకుల వైపు మళ్లించమని అడుగుతున్నాను. ఒప్పుకుంటే అది కూడా బడి తెరవక ముందే చెబుతాం. ఒప్పుకోకపోతే ఎన్ని ఇస్తారో రాయించి తీసుకుంటాం. సవరించిన ప్రతిపాదన వాళ్లకు పంపేముందు బడి పేరు తీసేసి ఇక్కడ పెడతాను, ఎర్ర సిరా తీసి సిద్ధంగా ఉండండి ఫైలుపురుగు గారూ.